ఎర్రర్ వచ్చిందా? ల్యాప్‌టాప్ మూసేయకండి



పోయిన పేరెంట్స్ మీటింగ్ రోజు ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలన్నీ అయిపోయాక ఒక నాన్నగారు మాత్రం వెళ్లకుండా ఉండిపోయారు. చేతిలో గుడ్డ సంచి, అందులో ల్యాప్‌టాప్. పక్కన తొమ్మిదో తరగతి చదివే కూతురు తల వంచుకొని నిలబడింది.

"పాప ఏందో ఎక్కిచ్చింది మేడమ్. అంతా ఎర్రగ వస్తాంది. ఆదోని యార్డులో పత్తి అమ్మిన దుడ్లతో తెచ్చినాను. పాడైపాయ" అన్నారాయన.

నెల రోజులుగా ఆ ల్యాప్‌టాప్ బీరువాలోనే ఉందట. తాళం వాళ్లమ్మ దగ్గర.

తెరిచి చూశాను. ఏమీ పాడవలేదు. ఆ అమ్మాయి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను సరిగ్గానే ఎక్కించుకుంది. తర్వాత లెక్కలకు పనికొచ్చే నమ్‌పై అనే పనిముట్టును తెచ్చుకోవాలనుకుంది. దానికి 'పిప్ ఇన్‌స్టాల్ నమ్‌పై' అని టైప్ చేయాలని ఎక్కడో చదివింది. అక్షరం తప్పు లేకుండా టైప్ చేసింది కూడా. కాకపోతే ఆ మాట విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో టైప్ చేయాలి. తను పైథాన్ కిటికీలో టైప్ చేసింది. అందుకని పైథాన్ ఎర్ర అక్షరాల్లో 'సింటాక్స్ ఎర్రర్' అంది. ఈ మాట నాకు అర్థం కాలేదని దాని అర్థం, అంతే. సరైన కిటికీ తెరిచి అదే మాట టైప్ చేయించాను. స్కూల్ వైఫైలో నిమిషం కూడా పట్టలేదు.

"ఏం కాలేదన్నా, బాగుంది" అని ల్యాప్‌టాప్ ఆయన చేతికిచ్చాను. ఆయన ఊపిరి పీల్చుకున్నారు. నా మనసులో మాత్రం ఆ నెల రోజులే మిగిలిపోయాయి. ఒక పిల్ల తనంతట తానే ఒక పని మొదలుపెట్టింది. మొదటి అడ్డంకి దగ్గర తిట్లు తిని ఆగిపోయింది. ఇంకో నెల గడిచి ఉంటే 'నాకు కంప్యూటర్ రాదు' అని తనే తీర్మానించుకునేది. ఈ నెల మీతో మాట్లాడాలనుకున్నది దీని గురించే.

నేనూ మూసేసినదాన్నే

ముందు నా సంగతి చెప్పేస్తాను. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలోనే చదివాను. డిగ్రీలో మాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్. తర్వాత బీఈడీ. డిగ్రీ ల్యాబ్‌లో అన్నీ ముందే ఎక్కించి ఉండేవి. మేము వెళ్లి రికార్డులో ఉన్న ప్రోగ్రామ్ టైప్ చేసి, అవుట్‌పుట్ చూపించి, సంతకం పెట్టించుకొని వచ్చేవాళ్లం. ఒక కంప్యూటర్‌ను మొదటి నుంచి పనికి సిద్ధం చేయడం నాకెవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు.

టీచరయ్యాక ఒకసారి తొమ్మిదో తరగతికి సరళరేఖల గ్రాఫులు కంప్యూటర్‌లో గీసి చూపిద్దామనుకున్నాను. ఇంట్లో నా ల్యాప్‌టాప్‌లో బాగానే వచ్చింది. క్లాసులో డిజిటల్ బోర్డు మీద పెట్టేసరికి 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' అని వచ్చింది. క్లాసు కంప్యూటర్‌లో గ్రాఫులు గీసే పనిముట్టు లేదు, అదే కారణం. నలభై మంది చూస్తున్నారు. 'కరెంటు సమస్యలా ఉంది' అని అబద్ధమాడి బోర్డు ఆపేశాను.

ఆ సాయంత్రం చాలా సిగ్గేసింది. తప్పు రావడం గురించి కాదు. తప్పు వస్తే ఏం చేయాలో నలభై మందికి చూపించే అవకాశం దొరికితే, దాన్ని దాచడం ఎలాగో చూపించాను. మీ పాప మీ ముందు ల్యాప్‌టాప్ టక్కున మూసేస్తే ఒక్కసారి ఆలోచించండి. ఆ అలవాటు పెద్దవాళ్లమైన మన దగ్గర నుంచే వచ్చి ఉండొచ్చు.

ఇంతకీ ఇది ఏ కోడింగ్?

కోడింగ్ అనగానే మీకు ఫోన్లో వచ్చే ప్రకటనలు గుర్తొస్తాయి. 2020 జాతీయ విద్యా విధానంలో మిడిల్ స్కూల్ దశ నుంచే కోడింగ్ పరిచయం చేయాలని రాశారు. ఆ తర్వాత, మీ పిల్లలు వెనకబడిపోతారు, వేలకు వేలు కట్టి చేర్చండి అనే ఫోన్లు మీలో చాలామందికి వచ్చి ఉంటాయి. నేను చెప్పేది ఆ కోడింగ్ కాదు.

లెక్కలకు, సైన్సుకు కంప్యూటర్‌ను వాడుకోవడం గురించి చెబుతున్నాను. అంటే అంకెలు తీసుకోవడం, వాటి మీద లెక్క చేయడం, గ్రాఫు గీయడం, అది ఏం చెబుతోందో చూడడం. దీనికి ప్రపంచమంతా ఎక్కువగా వాడే పనిముట్లు పైథాన్, నమ్‌పై, గ్రాఫుల కోసం మ్యాట్‌ప్లాట్‌లిబ్, నోట్‌బుక్‌లా రాసుకోవడానికి జూపిటర్. నాలుగూ ఉచితమే. దొంగ కాపీలు ఇచ్చే ఉచితం కాదిది. తయారు చేసినవాళ్లే అందరికీ వదిలిపెట్టారు. మూర్ఛ రోగుల మెదడు సంకేతాలను గీతలుగా చూసుకోవడానికి జాన్ హంటర్ అనే పరిశోధకుడు మొదలుపెట్టిందే మ్యాట్‌ప్లాట్‌లిబ్. ఈ రోజు మన మాధవరంలో తొమ్మిదో తరగతి పిల్ల కూడా దాన్ని పైసా ఇవ్వకుండా వాడుకోవచ్చు.

2019 ఏప్రిల్ 10న కృష్ణబిలం మొదటి చిత్రం విడుదలైంది, గుర్తుందా? నారింజ రంగు వలయం, మధ్యలో చీకటి. ఎం87 అనే నక్షత్ర మండలంలో మనకు సుమారు ఐదున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉందది. వేర్వేరు చోట్ల ఉన్న ఎనిమిది టెలిస్కోపుల నుంచి వచ్చిన అంకెలను చిత్రంగా మార్చిన బృందాలు వాడిన పనిముట్లలో ఈ పైథాన్, నమ్‌పై, మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఉన్నాయి. ఆ పనిలో ముఖ్యపాత్ర వహించిన కేటీ బౌమన్‌కు అప్పటికి 29 ఏళ్లు. దాదాపు నా వయసే.

అంత దూరం వద్దు, స్కూలుకే వద్దాం. సీబీఎస్ఈ పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్ ఇప్పుడు పైథాన్‌లోనే. పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ ఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్ పుస్తకంలో అంకెల పట్టికలతో పనిచేయడం, మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో గ్రాఫులు గీయడం పాఠాలుగానే ఉన్నాయి. ఇంజనీరింగ్‌లో ఏ బ్రాంచి తీసుకున్నా ఇలాంటిదేదో ఎదురవుతుంది. అక్కడ మొదటి వారంలో వెనకపడేది తెలివి తక్కువ పిల్లలు కాదు. అంతకు ముందెప్పుడూ తన చేత్తో ఒక పనిముట్టు ఎక్కించుకోని పిల్లలు.

మన డ్యామ్ లెక్క

ఏ లెక్కతో మొదలుపెట్టాలంటే నేను తుంగభద్ర డ్యామ్‌తో అంటాను. మన పశ్చిమ కర్నూలు పొలాలకు ఎల్ఎల్‌సీ కాలువ నీళ్లు అక్కడి నుంచే రావాలి. వానాకాలంలో రోజూ పేపర్లో డ్యామ్ మట్టం, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో వస్తాయి. తుంగభద్ర బోర్డు కూడా రోజువారీ అంకెలు పెడుతుంది. టీ బంకు దగ్గర మనమంతా మాట్లాడుకునే అంకెలే ఇవి.

కానీ ఇన్‌ఫ్లో క్యూసెక్కుల్లో ఉంటుంది, నిల్వ టీఎంసీల్లో ఉంటుంది. ఒకదానికొకటి ఎలా కలపాలి? క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. భాగిస్తే, సుమారు 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఇన్‌ఫ్లో 50 వేలు, అవుట్‌ఫ్లో 10 వేలు అయితే ఆ రోజు నిల్వ సుమారు మూడున్నర టీఎంసీలు పెరగాలి. ఆవిరయ్యేది కొంత ఉంటుంది కనుక కొద్దిగా తేడా వస్తుంది. ఆ తేడా ఎంతో చూడడం కూడా ఒక పాఠమే.

ఒక రోజుకైతే కాగితం మీద చేయొచ్చు. జూన్ నుంచి అక్టోబర్ దాకా నూట యాభై రోజులకు చేయాలంటే? అక్కడ పిల్లకు కంప్యూటర్ అవసరం తెలుస్తుంది. పది వరుసల ప్రోగ్రామ్‌తో అన్ని రోజుల లెక్కా వస్తుంది, గ్రాఫూ వస్తుంది.

2024 ఆగస్టు 10 రాత్రి డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మనందరి గుండెలూ ఆగినంత పనైంది. ఉన్న 33 గేట్లలో ఒకటి పోతే, దాన్ని బిగించడానికి నిండిన నీటిని కిందికి వదలాల్సి వచ్చింది. లక్ష క్యూసెక్కులు వదులుతున్నారంటే రోజుకు ఎన్ని టీఎంసీలు పోయినట్టు? సుమారు 8.64. ఇంకో వారం పోతే? నిపుణుడు కన్నయ్యనాయుడు బృందం వారంలోపే స్టాప్‌లాగ్ అమర్చడం ఎందుకంత పెద్ద విషయమో ఆ ఒక్క భాగహారం చేసిన పిల్లకు చెప్పాల్సిన పని లేదు.

ఇంకొకటి. డ్యామ్ కట్టినప్పుడు దాని సామర్థ్యం సుమారు 133 టీఎంసీలు. పూడిక పేరుకొని ఇప్పుడు 105.79కి తగ్గింది. అంటే ఐదో వంతు మట్టిపాలైంది. ఈ రెండు అంకెలతో పిల్లలు రెండు నిలువు పట్టీల గ్రాఫు గీసి తెస్తే, ఇంట్లో తాతగారు దాని గురించి గంట మాట్లాడతారు. ఏ వర్క్‌షీటుకూ ఆ భాగ్యం లేదు.

ఇంట్లో మొదలుపెట్టేటప్పుడు

ఇక పని విషయం. మీకు కంప్యూటర్ రాకపోయినా ఫరవాలేదు. పక్కన కూర్చోండి చాలు. ఈ కింది ఏడు విషయాలు మీ పిల్లకు చదివి వినిపించండి.

ఒకటి, ముందు ల్యాప్‌టాప్ వయసు చూడండి. విండోస్ 7 ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో పైథాన్ 3.8 వరకే పనిచేస్తుంది. 3.9, ఆ తర్వాత వచ్చినవి ఎక్కవు. చాలామంది ఇక్కడే ఆగిపోయి ల్యాప్‌టాప్ పనికిరాదనుకుంటారు. పాత వెర్షన్ దించుకుంటే నేర్చుకోవడానికి అది చాలు.

రెండు, డేటా చూసుకోండి. అనకొండ అనే పెద్ద మూటలో పనిముట్లన్నీ ఒకేసారి వస్తాయి. కానీ దాని డౌన్‌లోడ్ దాదాపు ఒక జీబీ. ఫోన్ హాట్‌స్పాట్ మీద పెడితే రోజు డేటాలో సగమో మొత్తమో దానికే పోతుంది, మధ్యలో ఆగిందంటే మళ్లీ మొదటికి. పైథాన్ ఒక్కటే అయితే సుమారు 30 ఎంబీ. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు థానీ అనే చిన్న ప్రోగ్రామ్ నా మొదటి సలహా. ఎస్టోనియా దేశంలోని టార్టు విశ్వవిద్యాలయంలో కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే దాన్ని తయారు చేశారు. పైథాన్ దాని లోపలే ఉంటుంది. నమ్‌పై, మ్యాట్‌ప్లాట్‌లిబ్ కావాలంటే టూల్స్ మెనూలో మేనేజ్ ప్యాకేజెస్‌కు వెళ్లి పేరు కొడితే చాలు. ఆ కిటికీ తికమక ఉండదు.

మూడు, అసలు సైట్ నుంచే దించుకోండి. గూగుల్‌లో వెతికితే పైన 'స్పాన్సర్డ్' అని వచ్చేవి ప్రకటనలు. వాటిని వదిలేయండి. కంప్యూటర్ షాపులో 'అన్నీ వేసిస్తాం' అని ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ల దొంగ కాపీలు ఎక్కిస్తారు. వాటితోపాటు వైరస్‌లు రావచ్చు. ఉచితంగా అసలుదే దొరుకుతుంటే దొంగది ఎందుకు?

నాలుగు, పైథాన్ సైట్ నుంచి దించుకొని ఎక్కించేటప్పుడు మొదటి తెర మీద కింద ఒక చిన్న గడి ఉంటుంది. 'యాడ్ పైథాన్ టు పాత్' అని. దానికి టిక్ పెట్టండి. ఊర్లోకి కొత్తగా వచ్చిన కుటుంబం చిరునామా పోస్ట్‌మ్యాన్‌కు తెలియకపోతే ఉత్తరం అందదు కదా. ఇదీ అంతే. ఆ టిక్ మర్చిపోతే, ఎక్కించిన పైథాన్ లోపలే ఉన్నా కమాండ్ ప్రాంప్ట్‌కు కనబడదు. ఒక్కోసారి మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది కూడా. మళ్లీ ఇన్‌స్టాలర్ నడిపి టిక్ పెట్టుకుంటే సరిపోతుంది.

ఐదు, 'పిప్' అనే మాట కమాండ్ ప్రాంప్ట్‌లోనే టైప్ చేయాలి. వరుస మొదట్లో మూడు బాణం గుర్తులు కనిపిస్తే మీరు పైథాన్ లోపల ఉన్నట్టు. బయటికి రండి. పైన చెప్పిన అమ్మాయి కథంతా ఈ మూడు గుర్తులదే.

ఆరు, మీ ఫైలుకు పనిముట్టు పేరు పెట్టకండి. పిల్లలు ఉత్సాహంగా మొదటి ప్రోగ్రామ్‌కు 'నమ్‌పై' అనో 'ర్యాండమ్' అనో పేరు పెట్టి దాచుకుంటారు. పైథాన్ అసలు పనిముట్టును వెతుకుతూ పక్కనే ఉన్న ఈ ఫైలునే తెరుస్తుంది. నిన్నటిదాకా పనిచేసింది కాస్తా ఆగిపోతుంది. డ్యామ్ లెక్క అయితే 'డ్యామ్' అనే పెట్టుకోమనండి.

ఏడు, అన్నిటికంటే ముఖ్యమైనది. ఎర్ర అక్షరాలు పది వరుసలు వచ్చినా ముందు చివరి వరుస చదవమనండి. ఏ తప్పు జరిగిందో పైథాన్ చివరి వరుసలోనే చెబుతుంది. ఏ వరుసలో జరిగిందో దానికి కాస్త పైన ఉంటుంది. ఇంగ్లీష్ రాదని మీరు వెనక్కి తగ్గకండి. 'చివరి వరుస గట్టిగా చదువమ్మా, అర్థం చెప్పు' అని అడగడానికి ఇంగ్లీష్ అక్కర్లేదు. చదివి, మీకు తెలుగులో చెప్పే ప్రయత్నంలోనే సగం తప్పు వాళ్లకే దొరుకుతుంది. ఇది నేను క్లాసులో చాలాసార్లు చూశాను.

ల్యాప్‌టాప్ లేనివాళ్లు దిగులు పడొద్దు. గూగుల్ కోల్యాబ్ అని ఒకటుంది. బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, ఏమీ ఎక్కించాల్సిన పని లేదు, నమ్‌పై అందులో ముందే ఉంటుంది. గూగుల్ ఖాతా, నెట్ ఉండాలి. ఫోన్లో టైప్ చేయడం కొంచెం ఇబ్బందే. కానీ మొదలుపెట్టడానికి చాలు.

తెలుగులో వినాలంటే ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్స్ ఉన్నాయి. ఒక్కో పాఠం పది నిమిషాల చిలుకు. చాలా భారతీయ భాషల్లో డబ్ చేశారు, తెలుగులోనూ ఉన్నాయి. తెర సగంలో పాఠం పెట్టుకొని, మిగతా సగంలో అదే పని చేసుకుంటూ నేర్చుకునే పద్ధతి వాళ్లది. ఫీజు లేదు.

'మార్కులొస్తాయా మేడమ్?'

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. నిజాయితీగా చెబుతాను. తొమ్మిదో తరగతి లెక్కల పేపర్లో దీనికి ఒక్క మార్కు కూడా రాదు. పదో తరగతి పిల్లలు పరీక్షల ముందు నెలల్లో దీని జోలికి పోవాల్సిన అవసరమూ లేదు. ఎనిమిది, తొమ్మిదిలో ఆదివారం ఒక గంట చాలు.

ఫీజు ఎంత కష్టపడి కడుతున్నారో నాకు తెలుసు. మగ్గం మీద, మిర్చి మీద, పత్తి మీద, లారీ మీద వచ్చిన రూపాయి అది. మన చుట్టుపక్కల ఊళ్ల నుంచి పనులు లేక కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి పోవడం చూస్తూనే ఉన్నాం. మా పిల్లలు అలా పోకూడదనే మీరు ఈ స్కూల్‌కు పంపుతున్నారు. అందుకే పెట్టిన ప్రతి రూపాయికీ మార్కు కనబడాలనుకోవడం తప్పు కాదు. నేను అడుగుతున్నది మాత్రం రూపాయి కాదు, ఒక గంట ఓపిక.

ఎందుకంటే ఈ పనిలో పిల్లలకు వచ్చేది పైథాన్ ఒక్కటే కాదు. తెలియనిది ఎదురైతే నిలబడి చూడడం, ఏం చెబుతోందో చదవడం, ఒక్క మార్పు చేసి మళ్లీ ప్రయత్నించడం వస్తాయి. మన బట్టీ చదువుల్లో ఇవి నేర్పే పీరియడ్ లేదు. పరీక్షలో తప్పు రాస్తే మార్కు పోతుంది, అంతటితో అయిపోయింది. కంప్యూటర్ అలా కాదు. వందసార్లు తప్పు చేసినా నూట ఒకటోసారి అడగనిస్తుంది. కోప్పడదు, పక్కింటి పిల్లతో పోల్చదు.

ఇంకో మాట, కాస్త కటువుగా ఉంటే మన్నించండి. అబ్బాయి ల్యాప్‌టాప్ విప్పి కెలికితే 'మావాడికి భలే ఆసక్తి' అంటాం. అదే పని అమ్మాయి చేస్తే 'పాడు చేస్తాది' అంటాం. ఆ తొమ్మిదో తరగతి పాప వాళ్ల అన్న ఇదే ల్యాప్‌టాప్‌లో గేమ్‌లు ఎక్కించినప్పుడు బీరువాకు తాళం పడలేదు. ఈ మాట ఆ నాన్నగారే తర్వాత నాతో అన్నారు. ఆయనే అనగలిగినప్పుడు మనమూ ఒకసారి మన ఇంట్లో చూసుకోవచ్చు.

ఏదైనా ఎక్కిస్తే ల్యాప్‌టాప్ పాడవుతుందనే భయానికి ఒక్క మాట. అసలు సైట్ నుంచి దించిన పైథాన్ వల్ల ల్యాప్‌టాప్ పాడవదు. నచ్చకపోతే తీసేయొచ్చు. ఎర్ర అక్షరాలు దెబ్బ తగిలిన గుర్తు కాదు, కంప్యూటర్ ఇచ్చే జవాబు.

స్కూలు చేయాల్సింది

అంతా మీ మీదే వేయడం న్యాయం కాదు. మా వైపు నుంచీ మార్పు రావాలి. మన ల్యాబ్‌లోనూ నా డిగ్రీ ల్యాబ్‌లో లాగే అన్నీ ముందే ఎక్కించి ఉంటాయి. పిల్లలు వచ్చి, పుస్తకంలో ఉన్నది టైప్ చేసి వెళ్తారు. సంవత్సరంలో కనీసం రెండు ల్యాబ్ పీరియడ్‌లు ఖాళీ కంప్యూటర్‌తో మొదలవ్వాలని నేను ప్రిన్సిపాల్ గారిని అడిగాను. పిల్లలే దించాలి, ఎక్కించాలి, తప్పులు చూడాలి, సరిచేయాలి. ఆ రెండు పీరియడ్‌ల రికార్డులో అవుట్‌పుట్ కాకుండా, వచ్చిన ఎర్రర్ ఏమిటి, ఎలా పోయింది అని రాయించాలి. మీరూ వచ్చే మీటింగ్‌లో అడగండి. తల్లిదండ్రులు అడిగితే బరువు వేరు.

నా వంతుగా, ఇప్పుడు క్లాసులో బోర్డు మీద ఎర్రర్ వస్తే ఆపడం మానేశాను. 'చివరి వరుస ఎవరు చదువుతారు?' అని అడుగుతున్నాను. మొదట్లో ఒక్క చెయ్యి కూడా లేవలేదు. ఇప్పుడు లేస్తున్నాయి. నాకు తెలియనివి పిల్లలు కనిపెట్టిన రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో నా గౌరవమేమీ తగ్గలేదు.

ఆ నాన్నగారి సంగతి చెప్పి ముగిస్తాను. పోయిన వారం ఆ పాప ఒక కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. తుంగభద్ర డ్యామ్ మట్టం, ఇరవై రోజుల గ్రాఫు. గీత ఒకచోట అకస్మాత్తుగా పాతాళానికి పడిపోయి మళ్లీ పైకి లేచింది. "ఇదేమిటి, ఒక్క రోజులో డ్యామ్ ఖాళీ అయిందా?" అన్నాను. "లేదు మేడమ్, నాయన పేపర్ చూసి చదువుతాండె, నేను కొడతాంటి. ఒక సున్నా తక్కువ పడింది. గ్రాఫు చూసినాక నాయనే కనిపెట్టినాడు" అంది. సరిచేసిన గ్రాఫు కూడా వెనకే ఉంది. నేను మాత్రం తప్పున్న కాగితాన్నే స్టాఫ్‌రూమ్ గోడకు అంటించాను.

వచ్చే నెల రెండో శనివారం మధ్యాహ్నం రెండు గంటల నుంచి ల్యాబ్‌లో ఉంటాను. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు, ఛార్జర్‌తో సహా, పిల్లలతో కలిసి రండి. లేనివాళ్లు ల్యాబ్ కంప్యూటర్ మీదే చేసుకోవచ్చు. నాకు తెలియని ఎర్రర్ వస్తే కలిసి కూర్చొని చివరి వరుస చదువుదాం.

— గణిత ఉపాధ్యాయిని, హైస్కూల్ విభాగం, మాధవరం బ్రాంచి